ముందు పొద్దు కుదరాలి

నగరం వదిలి రెండు మూడెకరాల పొలంలో కాపురం పెట్టాలనుకునే కుటుంబం అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న, ఏం పంట వేద్దామని. మామిడా, జామా, శ్రీగంధమా, దేశీ వరా అని నెలల తరబడి చర్చ నడుస్తుంది. యూట్యూబులో వీడియోలు చూస్తారు, నర్సరీలు తిరుగుతారు, ఎకరానికి ఎంత మిగులుతుందో కాగితం మీద లెక్కలు వేస్తారు. ఆ లెక్కల్లో ఎక్కడా కనిపించనిది ఒకటుంది. తెల్లవారుజామున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు, ఏ వేళకు చేస్తారు, ఎవరికి ఎప్పుడు కాస్త తీరిక దొరుకుతుంది అన్నది. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని పొలం మొదటి ఏడాది పరీక్షించేది పంట దగ్గర కాదు, ఈ రోజువారీ బతుకు దగ్గర. అందుకే ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే: తొలి ఏడాది దిగుబడిని లక్ష్యంగా పెట్టుకోకండి, ఇంటిల్లిపాదికీ పొద్దు కుదరడాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. అది కుదిరిన ఇంట్లో ఒక పంట పోయినా మరుసటి ఏడు మళ్ళీ విత్తడానికి మనసు ఒప్పుతుంది. అది కుదరకపోతే పంట విరగకాసినా కోసి, శుభ్రం చేసి, మార్కెట్టుకు మోసే ఓపిక ఇంట్లో ఎవరికీ మిగలదు.

డబ్బు సంగతి ముందే తేల్చుకుందాం, ఎందుకంటే దినచర్యను చెడగొట్టేది చాలాసార్లు డబ్బు తొందరే. జాతీయ గణాంక కార్యాలయం 2018 జులై నుంచి 2019 జూన్ దాకా నడిచిన పంటల ఏడాదికి గాను వ్యవసాయ కుటుంబాల స్థితిగతుల మీద సర్వే చేసింది. దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబానికి నెలకు సగటున వచ్చే ఆదాయం 10,218 రూపాయలని తేలింది. అందులో పంటల మీద వచ్చింది 3,798 రూపాయలు. కూలి, జీతాల రూపంలో వచ్చింది 4,063. అంటే తరతరాలుగా సేద్యంలో ఉన్న ఇళ్ళకు కూడా పంటకన్నా కూలీనాలీ, బయటి కొలువులే ఎక్కువ తెచ్చిపెడుతున్నాయి. తమ మట్టి గుణం, చీడపీడల రాక, మార్కెట్ ఎగుడుదిగుళ్ళు తెలిసినవాళ్ళ పరిస్థితి ఇది. నిన్నమొన్న వచ్చినవాళ్ళు మొదటి ఏడాదే రెండెకరాల మీద ఇల్లు గడపాలనుకుంటే ఆ భారం ఎక్కడో ఒకచోట పడి తీరుతుంది, పడేది నిద్ర మీదా తిండి మీదా. కాబట్టి భూమి కొని, ఇల్లు కట్టుకున్నాక కూడా కనీసం ఏడాదిన్నర ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి, లేదా భార్యాభర్తల్లో ఒకరి సంపాదన కొంతకాలం నడుస్తూ ఉండాలి. ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. రెండెకరాలూ ఒకేసారి దున్నించి, పెట్టుబడికి అప్పు తెచ్చి, రేటు బాగుందని విన్న పంట వేస్తారు. అక్కణ్ణుంచి ఆ ఇంటి పొద్దంతా ఆ పంట గుప్పిట్లోకి వెళ్ళిపోతుంది. కూలీల కోసం ఫోన్లు, మందుల కొట్టుకు పరుగులు, మోటారు దగ్గర కాపలా. పిల్లలతో కలిసి అన్నం తినాలని నగరం వదిలినవాళ్ళు నగరంలో కన్నా ఆలస్యంగా తింటారు.

పొలంలో దినచర్యను నిర్ణయించేవి రెండు, నీళ్ళూ ఎండా. మొదట నీళ్ళ సంగతి. హైదరాబాద్ నుంచి కుటుంబాలు వికారాబాద్, చేవెళ్ళ, యాచారం, జహీరాబాద్ వైపు కొనుక్కుంటున్న భూములు చాలావరకు ఎర్రచెల్కలు, అక్కడక్కడా నల్లరేగడి. ఆధారం బోరే. తెలంగాణలో ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, అందులో ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. తక్కిన ఎనిమిది నెలలూ భూమి లోపల ఇంకినదాంతోనే నెట్టుకురావాలి. బోరు వేసిన రోజున ‘రెండించుల నీళ్ళు పడ్డయ్’ అన్న మాట మీద ఏ ప్రణాళికా వేయకండి, ఆ మాట ఆ రోజుకే చెల్లు. ఏప్రిల్ ఆఖర్లో, మోటారు రెండు గంటలు నడిచాక, పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి అది నిండటానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి రాసుకోండి. నాలుగు నిమిషాలు పట్టిందనుకుందాం, అంటే గంటకు మూడు వేల లీటర్లు. ఎండాకాలంలో కూరగాయల మడికి రోజుకు ఐదు మిల్లీమీటర్ల నీళ్ళు కావాలని ఉజ్జాయింపుగా వేసుకుంటే పది గుంటలకు ఐదు వేల లీటర్లు, గంటా నలభై నిమిషాల మోటారు. అదే రెండెకరాలకు నలభై వేల లీటర్లు, పదమూడు గంటలు దాటిపోతుంది. డ్రిప్ వేసి, పాదుల్లో గడ్డి పరిస్తే ఈ లెక్క బాగా తగ్గుతుంది, కాదనను. అయినా తేడా తేడానే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు అమల్లోకి వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల విధానం ఉంది. కరెంటు ఎంతసేపున్నా బోరు మాత్రం ఊట కొద్దీనే ఇస్తుంది. పదమూడు గంటలు మోటారు నడవాలంటే ఇంట్లో ఒక మనిషి రోజంతా వాల్వులు తిప్పుతూ బతకాలి. గంటా నలభై నిమిషాలైతే పొద్దున కలుపు తీస్తూ తీస్తూనే తడి అయిపోతుంది. పాసుపుస్తకంలో ఎన్ని ఎకరాలున్నా ఆ డ్రమ్ము చెప్పినంతే మీ మొదటి ఏడాది సాగు.

ఇక ఎండ. మే నెలలో మనిషి ఒళ్ళు వంచి పని చేయగలిగేది పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా. మొత్తం ఐదున్నర గంటలు. ఇద్దరికీ కలిపి పదకొండు గంటలు దొరుకుతాయనిపిస్తుంది గానీ దొరకవు. ఎందుకంటే చల్లటి పొద్దున వేళే ఇంటికి కూడా పని ముంచుకొచ్చే వేళ. టిఫిను చేయాలి, డబ్బాలు కట్టాలి, పిల్లల్ని బస్సెక్కించాలి. నగరంలో ఈ పనులకు ఎనిమిదింటి దాకా వేరే పోటీ లేదు. పొలంలో అదే వేళకు మొక్కలు కూడా మనిషి కోసం చూస్తుంటాయి. కొత్త కుటుంబాలు మొదట తడబడేది ఇక్కడే. భర్త పొలంలో, భార్య వంటింట్లో, ఒకరికొకరు సాయం చేయడం లేదని ఇద్దరికీ మనసులో కష్టం. మన పల్లెల్లో దీనికి ఎప్పుడో కనిపెట్టిన పరిష్కారం సద్ది. రాత్రి వండిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచి, పొద్దున ఉల్లిపాయతోనో తొక్కుతోనో తిని చేనుకు పోవడం. జొన్న అంబలి కూడా అంతే. దాన్ని పేదవాళ్ళ తిండిగా చూశాం గానీ, అది పొద్దున రెండు గంటల వంటను తప్పించే ఏర్పాటు కూడా. చేను చల్లగా ఉన్నంతసేపు చేనుకే ఇచ్చి, ఎండెక్కాక పొయ్యి ముట్టించే పద్ధతి. మీరు సద్దే తినాలని కాదు. పొద్దున పొయ్యి వెలిగించాల్సిన అవసరం లేని తిండి ఏదైనా సరే, వారంలో ఐదు రోజులకు ముందుగా అనుకుని పెట్టుకోండి. అసలు వంట పదింటికి మొదలుపెట్టి పన్నెండింటికి ముగించండి. ఆ తర్వాత మూడింటి దాకా పడుకోవడం సోమరితనం కాదు, ఆ నెలలో అదీ సేద్యంలో భాగమే. పిల్లల బడి బస్సు ఏడున్నరకు వస్తుందంటే ఆ ఒక్క పనికి ఒక మనిషిని కేటాయించి, రెండో మనిషి పొలాన్ని మాత్రమే చూసుకోవాలి, ఒక వారం ఒకరు, మరో వారం ఇంకొకరు.

ఆ మార్చుకోవడం ఎందుకు తప్పనిసరో అంకెలే చెబుతాయి. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి పెడుతున్నారు. మగవాళ్ళు పెడుతున్నది 97. దాదాపు ఐదు గంటలకు గంటన్నర. ఇది ఊరూ నగరమూ కలిపిన లెక్క. నగరంలో ఈ తేడాను కొంతవరకు పనిమనిషి, కర్రీ పాయింటు, కిరాణా డెలివరీ కప్పిపెడతాయి. పొలానికి రాగానే ఆ మూడూ పోతాయి, పైగా కొత్త ఇంటిపనులు పుట్టుకొస్తాయి. కంది పండిందంటే పప్పు వచ్చినట్టు కాదు. కంప కోయాలి, కళ్ళంలో ఎండబెట్టి కొట్టాలి, తూర్పారబట్టాలి, నానబెట్టి ఆరబెట్టాలి, ఇసుర్రాయిలోనో మిల్లులోనో పగలగొట్టించాలి, పొట్టు చెరగాలి. టమాటా పది రోజుల్లోనే తట్టలకొద్దీ పండుతుంది, దాన్ని ఒరుగులు కోయాలా, తొక్కు పెట్టాలా, వదిలేయాలా అన్నది ఆ రోజే తేల్చాలి. ఈ పనులన్నీ వంటింటి ఖాతాలోకే చేరతాయి, వంటిల్లు ఎవరిదో ఆమె మీదే పడతాయి. పొలం భర్త కల అయి, పని భార్య బరువైన ఇల్లు ఎక్కువ కాలం పొలంలో నిలవదు, నిలవాలని అడగడం కూడా న్యాయం కాదు. కాబట్టి పంట ఎంచుకునేటప్పుడే దాని వెనకాల ఇంట్లోకి వచ్చే పనిని కూడా లెక్కలో రాయండి. నలుగురున్న ఇంటికి ఏడాదికి నలభై కిలోల కందిపప్పు చాలనుకుంటే పది పన్నెండు గుంటల కంది ఎక్కువే. ఎకరం కంది వేస్తే అది తిండికి కాదు అమ్మకానికి, అది వేరే నిర్ణయం, దానికి వేరే మనుషులు కావాలి. పొట్టు చెరిగే పని ఎవరిదో తేలనిదే కంది గింజ నాటకండి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రష్యా వ్యవసాయ ఆర్థికవేత్త అలెగ్జాండర్ చయానోవ్ రైతు కుటుంబాల జమాఖర్చులను ఏళ్ళ తరబడి పరిశీలించి 1925లో ప్రచురించిన పుస్తకంలో ఒక ముఖ్యమైన సంగతి తేల్చాడు. రైతు కుటుంబం కంపెనీలా లాభం కోసమే నడవదు. ఇంట్లో తినే నోళ్ళెన్ని, పని చేసే చేతులెన్ని అన్నదాన్ని బట్టి, ఇంకాస్త కష్టపడితే వచ్చేదానికీ ఆ కష్టం కలిగించే అలసటకూ మధ్య తూకం చూసుకుని ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంది. దీన్ని మన సందర్భానికి తెస్తే, పెళ్ళైన కొత్తలో భార్యాభర్తలిద్దరే ఉన్న ఇంట్లో రెండు జతల చేతులు, రెండు నోళ్ళు. ఇద్దరు పసిపిల్లలున్న ఇంట్లో అవే చేతులు, నాలుగు నోళ్ళు, పైగా పిల్లల్ని చూసుకునే పనికి ఒక జత చేతులు సగం పొద్దు పోతాయి. పిల్లలు పన్నెండు పదమూడేళ్ళవాళ్ళైతే తూకం మళ్ళీ మారుతుంది. మన దగ్గర పొలంలో స్థిరపడాలనే కోరిక ఎక్కువగా పుట్టేది పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే, వాళ్ళు మట్టిలో ఆడుకుంటూ పెరగాలని. కోరిక మంచిదే. కానీ చయానోవ్ చూపిన తూకంలో అది అత్యంత కష్టమైన దశ. ఆ దశలో వచ్చేవాళ్ళు సాగును మరింత చిన్నగా మొదలుపెట్టాలి, పది గుంటలు కూడా ఎక్కువే కావచ్చు.

పని ఒక్కసారిగా మీద పడకుండా చూసుకోవడం మన మెట్ట రైతులకు బాగా తెలిసిన విద్య. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు ఒకే చేలో జొన్న, కొర్ర, కంది, పెసర, మినుము, అనుము, నువ్వు వంటివి కలిపి వేస్తారు. కరువొచ్చినా ఏదో ఒకటి చేతికందుతుందని ఈ పద్ధతిని మెచ్చుకుంటాం, అది నిజమే. దాంతోపాటు గమనించాల్సింది కోతల వరుస. పెసర, మినుము ముందు వస్తాయి, కొర్ర ఆ వెనకాలే, జొన్న ఇంకాస్త ఆగి, కంది అన్నిటికన్నా చివర. ఏ వారమూ ఇంటి చేతులకు మించిన పని రాదు, ఏ నెలా గాదె ఖాళీగా ఉండదు. చేలో తనంతట తాను మొలిచిన ఆకుకూరలు కూడా ఏరుకుని వండుకుంటారు, ఆ పూటకు కూర వెతుక్కునే పని తప్పుతుంది. ఎకరం నిండా ఒకే పంట వేస్తే పని కూడా పంటలాగే ఒక్కసారిగా వచ్చిపడుతుంది, ఆ వారం రోజులు కూలీలు దొరక్కపోతే ఆరు నెలల శ్రమ చేలోనే ఉండిపోతుంది. కొత్త కుటుంబం ఆ మహిళల దగ్గర నేర్చుకోవాల్సింది విత్తనాల జాబితా ఒక్కటే కాదు, పనిని నెలల మీదుగా పరిచే ఆ తెలివి.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళు మొదట అడిగేది, లక్షలు పోసి కొన్న భూమిని ఏడాది పాటు పడావు పెట్టమంటారా అని. పడావు పెట్టమనడం లేదు. పది గుంటలు మీరు చేసుకుంటూ, తక్కిన నేలలో తొలకరికి జీలుగో జనుమో చల్లి, పూత దశలో, అంటే నెలన్నరకు అటూఇటూగా, ట్రాక్టరుతో కలియదున్నించండి. ఏడాదికి రెండు మూడు రోజుల పనితో నేలకు పచ్చిరొట్ట అందుతుంది. లేదంటే ఒక కారుకు పక్క రైతుకు కౌలుకివ్వండి. కౌలు సొమ్ము పెద్దగా రాకపోయినా మీ నేలలో నీళ్ళు ఎక్కడ నిలుస్తాయి, ఏ మూల ఏది పండుతుంది, పందులు ఏ గెట్టు దాటి వస్తాయి అన్నది అనుభవం ఉన్న మనిషి చేతిలో కళ్ళారా చూస్తారు. ఈఎంఐ కట్టాలి కదా అంటారు. అప్పు తీర్చడానికే పండించాలంటే మొదటి ఏడాదే కాదు, ఐదో ఏడాదీ ఇంతే తొందర ఉంటుంది. సగటు పంట ఆదాయం ఎంతో పైన చూశాం. నెలనెలా కంతు కట్టేంత సత్తా రెండెకరాలకు ఉందని నమ్మడానికి ఆ అంకెల్లో ఆధారం లేదు. భూమి అప్పు జీతం మీద తీరాక వెళ్ళడమో, తక్కువ భూమి కొనడమో మేలు.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. సేద్యం గడియారం చూసి నడిచేది కాదు, వాన ఎప్పుడొస్తే అప్పుడు విత్తాలి, పల్లెల్లో ఎవరూ టైంటేబుల్ రాసుకుని బతకడం లేదు, వెళ్ళి ఉంటే అన్నీ అవే అలవాటవుతాయి అంటారు. పల్లెల్లో టైంటేబుల్ గోడకు ఉండదు, నిజమే. అది కార్తెల్లో ఉంది. రోహిణిలో దుక్కి, మృగశిరకు విత్తనం అని నోటి మీద ఉన్నదంతా తరాల దినచర్యే. అక్కడ పుట్టిన పిల్లకు ఏ వేళకు దూడను వదలాలో ఎవరూ చెప్పనక్కర్లేదు, ఇరవై ఏళ్ళు చూస్తూ పెరిగింది. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఆ ఇరవై ఏళ్ళు లేవు కాబట్టే మొదట్లో కాగితం మీద రాసుకోవాల్సి వస్తుంది. అన్నీ అవే కుదురుకుంటాయని వదిలేస్తే ఏమవుతుందో ప్రకృతి సేద్యానికి ప్రపంచమంతా పేరుపడ్డ ఫుకువోకా జీవితంలోనే ఉంది. ఉద్యోగం మానేసి ఊరికొచ్చిన తొలిరోజుల్లో, ప్రకృతికి వదిలేస్తే చాలనుకుని తండ్రి నారింజ తోటలో కత్తిరింపులు ఆపేశాడు. కొమ్మలు ఒకదాన్నొకటి అల్లుకుని, పురుగు పట్టి చెట్లు ఎండిపోయాయి. ఏ పని మానవచ్చో తెలియడానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది. మన దగ్గర సుభాష్ పాలేకర్ ప్రచారంలోకి తెచ్చిన జీవామృతాన్నే చూడండి. 200 లీటర్ల నీళ్ళలో పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గెట్టు మన్ను. వినడానికి ఖర్చు లేని పని. కానీ ఆవు లేని ఇల్లు పేడా మూత్రం కోసం తెల్లవారకముందే ఎవరి కొట్టం దగ్గరికో వెళ్ళాలి, డ్రమ్మును నీడన ఉంచి పొద్దునా సాయంత్రం కర్రతో కలపాలి, రెండు రోజులయ్యాక వడకట్టి, వారంలోపే పొలానికి పారించాలి. ఖర్చు తగ్గిన ప్రతిచోటా మనిషి వేళ పెరిగింది. వాన వస్తే పద్ధతి మారాల్సిందే, మారడానికి ముందొక పద్ధతంటూ ఉండాలి కదా. నలభై ఎనిమిది గంటలు వదలని ముసురులో ఎవరు ఏ పని వదిలేయవచ్చో తెలిసిన ఇల్లే తొణకకుండా ఉంటుంది.

1932లో న్యూయార్క్ వదిలి వెర్మాంట్ కొండల్లో పొలం కొనుక్కున్న స్కాట్, హెలెన్ నియరింగ్ దంపతులు రోజుకు నాలుగు గంటలు తిండి సంపాదించే పని, నాలుగు గంటలు చదువూ రాతా సంగీతం అని తమ పొద్దును పంచుకున్నారు. ఇరవై ఏళ్ళ అనుభవాన్ని 1954లో పుస్తకంగా తెచ్చారు. వాళ్ళ పొలంలో చిన్నపిల్లలు లేరు, కాబట్టి ఆ పంపకం మనకు ఉన్నదున్నట్టు పనికిరాదు. పనికొచ్చేది ఒకటి, పనికి ఒక హద్దు గీసుకోవడం. పొలంలో పని ఎప్పటికీ అయిపోదు. హద్దు మనిషి గీసుకోకపోతే ఒళ్ళు గీస్తుంది, అది నడుము నొప్పి రూపంలో వస్తుంది.

పిల్లల చదువు, పెద్దల ఆరోగ్యం గురించి భయపడేవాళ్ళది అనవసర భయం కాదు. బడికి అరగంటకన్నా ఎక్కువ ప్రయాణముంటే సాయంత్రం పిల్లకు మిగిలేది అలసటే, మట్టిలో ఆట కాదు. భూమి చూసేటప్పుడే ఆ దారిలో బడి వేళకు ఒకసారి వెళ్ళి రండి. పిల్లలకు ఒక్క పని అప్పజెప్పండి, కోళ్ళకు గింజలు వేసి గుడ్లు ఏరడమో, నారుమడి తడపడమో. అది వాళ్ళ సొంతం కావాలి, పరీక్షల రోజుల్లో తప్పుకోగలగాలి. పొద్దుగూకాక బయట అడుగుపెడితే చేతిలో టార్చి, కాళ్ళకు బూట్లు ఉండాలన్న నియమం ఇంట్లో అందరికీ ఒకటే. కట్లపాము రాత్రిళ్ళు నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకోవాలి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, పసరు పోయడం చేయకుండా మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి చేర్చాలి. ఆ సూది మీకు దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆస్పత్రిలో ఉందో కాపురం పెట్టిన వారంలోనే వెళ్ళి అడిగి, నంబరు గోడ మీద రాసుకోండి. గుండె జబ్బో డయాలసిస్ అవసరమో ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే, పొలం ఎంత నచ్చినా ఆస్పత్రికి దగ్గరున్నదే కొనాలి. ఇందులో రాజీ లేదు.

తొలి ఏడాది చివర, మళ్ళీ రోహిణి వచ్చేసరికి, సాగు పెంచాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. బస్తాల లెక్క చూడకండి. ఇంట్లో ఒకరు నాలుగు రోజులు జ్వరంతో పడుకుంటే తక్కినవాళ్ళు తడి, వంట, బడి మూడూ నెట్టుకురాగలిగారా? రెండు రోజులు పెళ్ళికి వెళ్ళాల్సొస్తే మోటారు వేసి, కోళ్ళను మూసే పక్క చేను మనిషి ఉన్నాడా? అలాంటి మనిషి ఊరికే దొరకడు. నాట్లకో కోతలకో మీరు వాళ్ళ చేనుకు బదులు వెళ్ళి ఉంటే, చావుకూ పెళ్ళికీ ఆ గడప తొక్కి ఉంటే ఉంటాడు. అందుకు కూడా తొలి ఏడాది వేళ మిగిలి ఉండాలి, సాగు చిన్నగా ఉంచమనడానికి ఇదొక కారణం. రాత్రి భోజనం వారంలో ఎన్ని రోజులు అందరూ కలిసి చేశారు? ఇల్లాలికి తనదంటూ ఒక గంట రోజూ దొరికిందా? వీటికి జవాబులు బాగుంటే ఇంకో పది గుంటలు కలుపుకోండి, నీళ్ళు ఒప్పుకుంటే. బాగోకపోతే ఉన్న పది గుంటలతోనే ఇంకో ఏడాది నడపండి, దానికి సిగ్గుపడాల్సింది లేదు. పాడి మాత్రం అన్నిటికన్నా చివర. గేదెకు పొద్దునా సాయంత్రం పితకడం తప్పదు, రోజుకు పాతిక ముప్ఫై కిలోల పచ్చిమేత కావాలి, సెలవంటూ ఉండదు. పైన అడిగిన ప్రశ్నలకు జవాబులు రెండేళ్ళు వరసగా బాగున్నాక, మేతకు రెండు మూడు గుంటల్లో సూపర్ నేపియర్ గడ్డి ఎదిగి ఉన్నాక, పితకడం ఇంట్లో ఇద్దరికి వచ్చాక సంతకు వెళ్ళండి. రెండో ఈత గేదెను చూసి, అమ్మేవాళ్ళ ఇంటి దగ్గర వరసగా మూడు పూటలు మీ ఎదుటే పితికించి, ఆ పాలు కొలిచాకే బేరమాడండి.